అతుకు ధర

రిపేరు షెడ్ల వీధిలో ఆవిణ్ణి అందరూ సుత్తక్క అంటారు. కార్ల రేకుకి పడ్డ సొట్టలు సుత్తితో తీస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ చెబుతుంది. నోరు విప్పితే ఎదుటివాణ్ణి ఓ పట్టాన వదలదు కాబట్టి వచ్చిందని వీధి చెబుతుంది. రెండూ నిజమే. అరవై దాటినా ఆవిడ భుజం ఇంకా తగ్గలేదు, నోరు అసలే తగ్గలేదు.

పని నేర్చుకున్నది వాళ్ళ నాన్న షెడ్డులోనే. తల్లి పోయాక, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని అక్కడికి వచ్చేది. వాణ్ణి పాత సీటు మీద పడుకోబెట్టి సుత్తి అందుకునేది. ఇరవై నిండేసరికి నాన్నని మించిపోయింది. ఆ సంగతి నాన్నకీ తెలుసు. కానీ గేటు దగ్గర గిరాకీ అలికిడి వినబడగానే "లోపలికి పోవే" అనేవాడు. ఆడపిల్ల కొట్టిన రేకని తెలిస్తే బండి ఇవ్వరని ఆయన భయం. రేకు తడిక వెనక నిలబడి, తన పనికి నాన్న మెప్పులందుకోవడం వింటూ ఉండేది సుత్తక్క.

తమ్ముడు పెద్దవాడై పాతకాలపు కార్ల వ్యాపారం పెట్టాడు. బండి కొనేముందు అక్కని పిలిచేవాడు. ఆవిడ వేలి కణుపులతో ఒళ్ళంతా తట్టి, ఇక్కడ సొట్ట పూడ్చడానికి లప్పం మెత్తారు, ఇక్కడ తుప్పు దాచారు అని చెప్పేది. ఆ లెక్కన బేరం తగ్గించి కొనేవాడు. అమ్మేటప్పుడు మాత్రం ఆ లప్పం సంగతీ తుప్పు సంగతీ ఆయన నోట రావు. ఆవిడకి తెలియక కాదు. వాడి వ్యాపారం వాడిది, మనకెందుకులే అని ఊరుకునేది. చంకనెత్తుకుని పెంచినవాడు కదా.

ఒక వేసవిలో ఆవిడ జ్వరంతో మంచాన ఉన్నప్పుడు, తమ్ముడు తొందరపడి ఓ పళ్ళ డాక్టరు దగ్గర వెన్నరంగు కారు కొనేశాడు. రెండు తలుపుల బండి. వీపు గుండ్రంగా, దీపాలు కప్పకళ్ళలా ఉంటాయి. ఆ రకం బండ్లు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పన్నెండు లక్షలకి కొన్నాడు. పాత బండ్ల పిచ్చి ఉన్న ఓ కాంట్రాక్టరుకి నలభైకి మాట కుదుర్చుకున్నాడు. సుత్తి తగలని బండి అని చెప్పాడు. కొనేవాళ్ళు రేపు వస్తారనగా, ఈవేళ మధ్యాహ్నం అక్కని రమ్మన్నాడు.

సుత్తక్క బండి చుట్టూ తిరిగింది. తట్టింది. ఎక్కడ తట్టినా ఒకటే మోత, కంచు గిన్నెలా. తలుపు తీసి వేసింది, మెత్తగా పడింది. చివరికి అలవాటు ప్రకారం వెనక సీటు ఎత్తి, నేల రేకు చూసింది. అక్కడ మూలగా, పోగర మేకుతో కొట్టిన మూడు చుక్కలు పక్కపక్కనే ఉన్నాయి.

ఆవిడ ఎత్తిన సీటు దించలేదు. అలాగే కారులో కూలబడింది.

"ఏమైందక్కా? తుప్పా?"

"తుప్పు కాదురా. ఇది నేను అతికిన బండి."

ముప్ఫై ఏడేళ్ళ కిందటి మాట. ఇదే రకంలో ముఖం పచ్చడైన బండొకటి, తోక నుజ్జయిన బండొకటి షెడ్డుకొచ్చాయి. అప్పుడు నాన్నకి చెయ్యి కాలింది, కట్టు కట్టుకుని ఉన్నాడు. రెండు నెలలు కూర్చుని ఆవిడ ఒక్కతే దీని ముందు సగం, దాని వెనక సగం కోసి కలిపింది. గ్యాసుతో అతికి, వేడి మీదే సుత్తితో సాగగొట్టి, చిటికెడు లప్పం కూడా పెట్టకుండా రేకుని రేకులో కలిపేసింది. బండి తీసుకెళ్ళేరోజు, దాని సొంతదారు షావుకారు నాన్న చేతులు కళ్ళకద్దుకున్నాడు. తడిక వెనక ఉన్నావిడకి ఏడుపొచ్చింది. ఆ చుక్కలు అంతకు ముందురోజే తన గుర్తుగా పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

విని తమ్ముడు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నీకు తప్ప ఎవరికీ తెలీదుగా. నువ్వు రేపు రాకు. నోరు మూసుకుంటే చాలు."

"నాన్న దగ్గర మూసుకున్నాను. ఇంకా ఎన్నాళ్ళురా?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందక్కా. తమ్ముడి నోటి దగ్గర కూడు తీస్తావా?"

"నీకు కూడు పెట్టింది నేనేరా. నీ కూడు తియ్యను. నా పని మాత్రం లేదనిపించుకోను."

మర్నాడు పిలవకపోయినా వెళ్ళింది. పని బట్టల్లోనే వెళ్ళింది. అప్పటికే కాంట్రాక్టరు, ఆయన తెచ్చుకున్న విలువ కట్టే పెద్దమనిషి బండి దగ్గర ఉన్నారు. ఆ పెద్దమనిషి చేతిలో రంగు మందం కొలిచే మీటరు. బండంతా కొలిచి, అయస్కాంతం పెట్టి చూసి, "రంగు తర్వాత వేసిందే. రేకు మాత్రం కంపెనీ నుంచి దిగినట్టే ఉంది. నలభై ఇవ్వొచ్చు" అన్నాడు.

"ఇవ్వకూడదు," అంది సుత్తక్క.

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ అటు చూడలేదు. ఎక్కడ కోసిందీ, ఎక్కడ కలిపిందీ వేలితో గీత గీసినట్టు చూపించింది. మీటరాయన నమ్మలేదు. అదే చోట మళ్ళీ కొలిచాడు. అంకె మారలేదు. ఆవిడ వెనక సీటు ఎత్తి చుక్కలు చూపించింది. నేల రేకు కింద, అతుకు వెంబడి చెయ్యి పెట్టి తడమమంది. చాలాసేపు తడిమాక ఆయన వేలికి సన్నటి గట్టు తగిలింది.

అంతే, ఆయన మాట తిరగబడింది. "అతుకుల బండా! అయితే విడిభాగాల ధరే. తొమ్మిది లక్షలు. అదీ ఎక్కువే."

కాంట్రాక్టరు తల ఊపాడు. తమ్ముడు అక్క వైపు చూసిన చూపు చూపు కాదు.

అప్పుడు సుత్తక్కకి నిజంగా కోపమొచ్చింది. పైట బిగించింది.

"ఇప్పటిదాకా నలభై అన్న నోరేనా ఇది? బండి మారిందా, మీ మాట మారిందా? మీటరు పట్టుకోలేదు, అయస్కాంతం పట్టుకోలేదు, నేను చెబితే గాని మీకు తెలీలేదు. ముప్ఫై ఏడేళ్ళు ఈ బండి గతుకుల్లో తిరిగింది. ఎక్కడైనా రేకు విచ్చిందా? తలుపు జారిందా? చూపించండి."

"చూడమ్మా, రివాజు ప్రకారం..."

"ఏ రివాజు? అతికినవన్నీ ఒకటేనా? లప్పం మెత్తి అమ్మేవాడిదీ నాదీ ఒకే గాటన కడతారా? ఇంజను దీనిదే. ముందు స్పీడు చూపే గడియారాలు దీనివే, తిరుగుతున్నాయి. అద్దాల మీద కంపెనీ గుర్తుంది. అతుకు లేని బండైతే నలభై, ఒప్పుకుంటాను. అతుకుంది కాబట్టి సగానికి కొయ్యండి, న్యాయం. సగం కంటే కిందికి దిగితే అది నా పనిని తుక్కు కింద కట్టే ధర. దానికి నేనొప్పుకోను."

"కాకిపిల్ల కాకికి ముద్దు," అని నవ్వాడు మీటరాయన.

"ముద్దే. కాకి తన పిల్ల ఏదో దాచకుండా చెప్పింది. మీరైతే కోకిల పిల్ల అనగానే నమ్మి నలభై కట్టారు."

కాంట్రాక్టరుకి నవ్వొచ్చింది. కారెక్కి వీధి చివరిదాకా వెళ్ళి, గుంతల మీదుగా వెనక్కొచ్చాడు. దిగి మళ్ళీ సీటు ఎత్తి ఆ చుక్కలు చూశాడు.

"ఇది మీరే చేశారని కాగితం రాసిస్తారా అమ్మా?"

"రాసిస్తాను. ఏ ఏడు, ఎక్కడ కోశాను, ఎలా కలిపాను, అంతా రాస్తాను. కింద నా పేరుంటుంది. నాన్న పేరు కాదు."

ఇరవై దగ్గర బేరం తెగింది.

తమ్ముడికి ఎనిమిది లక్షలు మిగిలాయి. పోయిన ఇరవై మాత్రమే కనబడ్డాయి ఆయనకి. ఆ సాయంత్రం ఒంటికాలి మీద లేచాడు. "నిన్ను అక్కా అని పిలవడం నాదే బుద్ధితక్కువ" అన్నాడు. "మానెయ్, నాకో పిలుపు తగ్గుతుంది" అందావిడ. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుని, వాణ్ణి పడుకోబెట్టిన ఆ పాత సీటు ఏ బండిదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

కొన్నాళ్ళకి కాంట్రాక్టరు స్నేహితులు ఇద్దరు ముగ్గురు తమ బండ్లు చూసిపెట్టమని వచ్చారు. ఆవిడ ఫీజు చెప్పింది. చూసింది చూసినట్టు కాగితం మీద పెడతానని గేటు దగ్గరే చెప్పింది. ఒకాయన అక్కణ్ణుంచే బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. "అయితే ఆ బండి ధర నాకిక్కణ్ణుంచే తెలిసిపోయింది" అని వీధంతా వినబడేలా అంది.

నాలుగు నెలల తర్వాత తమ్ముడే వచ్చాడు. లోపలికి రాకుండా గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఓ బండి చూడాలి."

"కొనేవాడికి చెప్పేదీ నేనే, నీకు చెప్పేదీ నేనే. రెండు చోట్లా ఒకటే మాట. ఫీజు అందరికీ ఎంతో నీకూ అంతే."

"సొంత తమ్ముడి దగ్గర కూడానా?"

"సొంతవాడివి కాబట్టే ముందు చెబుతున్నాను."

తమ్ముడు ఏదో గొణిగి, జేబులో చెయ్యి పెట్టాడు. ఆవిడ నోట్లు లెక్క చూసుకుని సుత్తి సంచి భుజాన వేసుకుంది. దారంతా ఆయన రెండడుగులు ముందే నడిచాడు. ఆ అలక ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఆవిడ తీర్చే ప్రయత్నమూ చెయ్యలేదు.