మూడోసారి ఎక్కిన గుట్ట

ఐదింటికి లేచి ఆయన సైకిల్ సీసాలో నీళ్లు నింపడం నా మొదటి పని. ఇప్పుడూ ఐదింటికే మెలకువ వస్తుంది. లేచి కూర్చుని, నింపాల్సిన సీసా లేదని గుర్తొచ్చి మళ్లీ పడుకుంటాను. నిద్ర పట్టదు.

మా ఆయన ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపారు. సీట్లో కూర్చుని కూర్చుని పొట్ట వచ్చింది, వెనకాలే షుగరూ వచ్చింది. డాక్టరు ఒళ్లు కదలమంటే సైకిల్ కొన్నారు. మొదట్లో వీధి మలుపు దాకా వెళ్లి రొప్పుతూ వచ్చేవారు. "బస్సుకైతే గేరు మారిస్తే ఎక్కుతుంది. నాకు గేరెక్కడుందే?" అనేవారు. ఏడాది తిరిగేసరికి ఊరి చివర నీళ్ల ట్యాంకు గుట్ట ఎక్కేశారు. ఉద్యోగం పర్మనెంటు అయిన రోజు కూడా ఆ మొహంలో అంత సంబరం చూడలేదు.

మా మరిది ఒక చిన్న మీటరు తెచ్చి హ్యాండిల్ మీద బిగించాడు. ఎంత దూరం తొక్కిందీ, ఎంత ఎత్తు ఎక్కిందీ అది చూపిస్తుంది, ఆ లెక్క మరిది ఫోనులోకీ వెళ్తుంది. గుట్ట ఒకసారి ఎక్కితే నూట యాభై మీటర్ల ఎత్తు. రోజూ రెండుసార్లు ఎక్కి మూడొందలు చేయాలని అన్నదమ్ములు పంతం పట్టారు. ఇంటికొచ్చేసరికి మీటరంతా చెమట జిడ్డు. గిన్నెలు తోమే సబ్బు గుడ్డకి పట్టించి వెనకా ముందూ నేనే తుడిచేదాన్ని.

కొన్నాళ్లకి ఆ అంకె తగ్గింది. రెండుసార్లు ఎక్కినా రెండొందలు దాటలేదు. మరిది ఫోనులో చూసి ఏడిపించేవాడు.

"అన్నయ్యా, సగంలో టీ తాగి వెనక్కి తిరుగుతున్నావా ఏంటి?"

"నోర్ముయ్యరా. ట్యాంకు ముట్టుకుని వచ్చాను."

"మీటరుకి నీ మీద పగా? వదినా, నువ్వైనా అడుగు."

"వయసు మీద పడిందని ఒప్పుకోరాదూ," అన్నాను నేను, నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి మూడోసారి కూడా ఎక్కడం మొదలుపెట్టారు. నాలుగో రోజు ఆ మూడోసారిలోనే, ట్యాంకుకి కాస్త కింద, మలుపులో పడిపోయారు. గుండె. పాలవ్యాను అతను చూసేసరికే అంతా అయిపోయింది.

నెల దాటాక మరిది ఆ మీటరు తీసుకుని సైకిల్ షాపుకి బయల్దేరాడు. అన్నయ్య అబద్ధం చెప్పాడో లేదో తేలాలన్నాడు. నేనూ వెళ్లాను.

మెకానిక్కు మీటరు తిరగేసి, వెనక సూదిమొన అంత కన్నం చూపించాడు. "పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదమ్మా, దాన్నిబట్టి ఇది ఎత్తు లెక్కేస్తుంది. గాలి పోయే దారి ఇదే. మూసుకుపోయింది. సబ్బూ, చెమట ఉప్పూ కలిసి గడ్డకట్టాయి. ఎవరు తుడిచేవాళ్లు?"

"నేనే."

అతను తల వంచుకుని, అడగకుండానే స్టూలు నా వైపు జరిపాడు.

"అయితే ఆయన పైదాకా ఎక్కారా?" అన్నాను.

"ఎక్కారమ్మా. వెళ్లిన దారి మ్యాపులో ఉంది. దాన్నిబట్టి ఫోనులో సరిచేయొచ్చు."

మరిది అక్కడే సరిచేశాడు. ఆఖరి రోజుది నాలుగొందల ముప్పై అయింది. ఫోను జేబులో పెట్టుకుని బయటికెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దారిలో అన్నాడు, "రక్తనాళాలు ఎప్పుడో పూడుకుపోయాయన్నాడు కదా డాక్టరు. నీ సబ్బు వల్ల కాదు వదినా. నా నోటి వల్లా కాదు." ఆ ముక్క నాకు చెప్పాడో, తనకి చెప్పుకున్నాడో.

నేను మాత్రం రెండోసారి దిగి ఇంటికి రావలసిన మనిషిని తలుచుకుంటున్నాను.

గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెడితే కన్నం తెరుచుకుంటుందని మెకానిక్కు చెప్పాడు. బాగయ్యాక మరిది వాడుకుంటానన్నాడు. గిన్నెలో నీళ్లు కాచి, మీటరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అందులో ఉన్నది నా సబ్బు ఒక్కటే కాదు. ఆయన ఒంటి ఉప్పు కూడా ఉంది. ఇంట్లో ఆయన బట్టలన్నీ నేను ఎప్పుడో ఉతికేశాను.

నీళ్లు చల్లారిపోయాయి. పారబోసి గిన్నె బోర్లించాను. మీటరు నానబెట్టలేదు.