పిస్తోలు మీద కోడికాళ్ళు

2018 జూన్‌లో నన్ను శ్రీకాకుళం జిల్లా సాయుధ రిజర్వు దళంలో ఆయుధాల విభాగానికి వేశారు. హోదా రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టరు, పని ఆర్మరర్‌ది. జిల్లాలో ఏ స్టేషన్ తుపాకీ మొరాయించినా, ఎక్కడైనా పాత ఆయుధం దొరికినా, అది చివరికి నా బల్ల మీదికే వచ్చేది. ఆయుధాలు భద్రపరిచే గదిని మా శాఖలో బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. ఎందుకంటారో ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. నేను కూడా తెలిసినట్టే తల ఊపుతూ రిటైరయ్యాను.

మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. ఇంటికి దగ్గర పోస్టింగు, చేతి నిండా ఇష్టమైన పని. ఆ రెండేళ్ళూ నేను ఉద్యోగంలో చాలా సంతోషంగా ఉన్నాను. అందులో ఒక పొరపాటు కూడా చేశాను. చెప్పదలచుకున్నది దాని గురించే.

ఆ వానాకాలంలో పొందూరు వైపు స్టేషన్ నుంచి ఒక కానిస్టేబులు సీలు వేసిన గుడ్డసంచీ, దానితోపాటు ఒక మెమో తెచ్చాడు. మెమో అంటే అధికారి రాతపూర్వకంగా అడిగే ప్రశ్నల కాగితం. ఈ ఆయుధం ఏమిటి, పనిచేస్తుందా, ప్రభుత్వ ఆస్తా కాదా అని అక్కడి ఎస్సై మూడు ప్రశ్నలు వేశాడు. పైడమ్మ అనే డెబ్బై ఏళ్ళ ఆవిడ, ఇంటి అటక బాగుచేయిస్తుంటే తండ్రి పెట్టెలో దొరికిందని తానే పట్టుకొచ్చి ఇచ్చిందట. ఆవిడ సన్నఖద్దరుకి నూలు వడికే మనిషి. తండ్రి చల్లంనాయుడు యుద్ధకాలంలో మిలిటరీ లారీ నడిపి వచ్చాడు. ఆయన పోయి యాభై ఏళ్ళు.

సంచీ విప్పితే పల్చటి పొందూరు గుడ్డలో చుట్టిన రివాల్వర్ కనిపించింది. మెమోలో పిస్తోలు అనే రాశారు, జనం కూడా అలాగే అంటారు. ఆరు గుళ్ళు పట్టే సిలిండర్ తిరుగుతుంది కాబట్టి మా లెక్కలో అది రివాల్వర్. ఇంగ్లండు తయారీ, మధ్యలో మడతపడి తెరుచుకునే రకం. అధికారులు తాడు తగిలించుకునేందుకు పిడి అడుగున ఒక రింగు. ముందు ఖాళీగా ఉందో లేదో చూశాను. ఎంత తుప్పు పట్టిన ఆయుధమైనా మొదటి పని అదే. ఆ తర్వాత కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు తీశాను.

ఆయుధం పుట్టుపూర్వోత్తరాలు దాని ఒంటి మీదే ఉంటాయి. కిరీటం గుర్తు ఉంటే పరీక్షలో నెగ్గిందని, అంకెలు ఉంటే ఏ వరసలోదని. మూడు గీతలు ఒకచోట కలిసినట్టుండే చిన్న బాణం గుర్తు ఉంటే ఆనాటి బ్రిటిష్ సర్కారు సొత్తని. అరగంట తోమేసరికి సిలిండర్ పైభాగంలో ఆ బాణం కనిపించింది. దాని పక్కనంతా ఎండిన నూనె మడ్డి నల్లగా గట్టిపడి ఉంది. మధ్యాహ్నం భోజనం తర్వాత చూద్దామని వదిలేశాను.

అంతలో ఎస్సై ఫోను చేశాడు. కుర్రాడు మంచివాడే గాని అన్నీ సాయంత్రంలోగా తేలిపోవాలంటాడు. నేను నోటితో చెప్పేశాను, బాణం ఉంది, సర్కారు సొత్తే అని. రిపోర్టు రాసి సంతకం పెట్టేదాకా నా మాటకి విలువ లేదని నాకు తెలుసు. కానీ మా శాఖలో నోటిమాట కాగితం కంటే ముందు చేరుతుంది. సాయంత్రానికి పైడమ్మని స్టేషన్‌కి పిలిచి, మీ నాన్న దీన్ని మిలిటరీ నుంచి ఎత్తుకొచ్చాడా అని అడిగారు. ఆయుధ చట్టం కింద కేసు కట్టడానికి కాగితాలు తయారవుతున్నాయని చెప్పారు. మర్నాటికి ఊళ్ళో చల్లంనాయుడు దొంగైపోయాడు.

రెండో రోజు ఉదయం ఆవిడ బస్సెక్కి నేరుగా మా రిజర్వు లైన్లకే వచ్చేసింది. గేటు దగ్గర సెంట్రీ ఆపితే, పిస్తోలు డాక్టరు కావాలని అడిగిందట. వాడు నవ్వుకుంటూ నా దగ్గరికి తీసుకొచ్చాడు. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వేనా బాబూ సర్కారుదని సెప్పినోడివి?" అంది.

నేనే అన్నాను.

"ఎన్ని కోడికాళ్ళు సూసినావు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా బల్ల మీది తెల్లకాగితం తీసుకుని, పెన్నుతో మూడు గీతలు కలిపి గీసింది. అచ్చం కోడి అడుగు. దాని ఎదురుగా మొనకి మొన తగిలేలా ఇంకోటి గీసింది.

"నా సిన్నప్పుడు మా అయ్య నూనె రాస్తా సూపించేవోడు. ఇదిగోనే పైడీ, రెండు కోడికాళ్ళు తన్నుకుంటన్నాయి సూడు అనీవోడు. ఒకటే ఉంటే దొరలది, రెండుంటే మనదీ అని సెప్పేవోడు. మా అయ్య దొంగ కాడు బాబూ. నన్ను జైల్లో ఎట్టుకోండి గానీ, సచ్చినోడికి ఆ పేరెట్టకండి."

నాకు సిగ్గేసింది. ఆ రెండు బాణాల గుర్తు గురించి శిక్షణలో మాకు చెప్పారు. పాత నోటుబుక్కులో నా చేత్తో రాసుకున్నదే. బాణం ఒక్కటే ఉంటే ప్రభుత్వ సొత్తు, రెండు బాణాలు ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని సక్రమంగా అమ్మివేసిందని అర్థం. నేను ఒకటి చూసి బ్రష్షు పక్కన పెట్టేశాను.

ఆవిడ ముందే రివాల్వర్ తీసి మడ్డి మీద కిరసనాయిలు పోశాను. గీకబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. గట్టిగా లాగితే పోగు తెగిపోతుంది, అందుకని నెమ్మదిగా దువ్వాలట, ఈ మడ్డినీ అలాగే నానబెట్టి తీయాలట. "అంత తొందరేటి, ఎక్కడికెల్లిపోతాది అది?" అంది. ఆర్మరర్‌గా అవార్డులు తీసుకున్న నేను నోరు మూసుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. గంట పట్టింది. రెండో కోడికాలు బయటపడింది.

పైడమ్మ అప్పుడు కూర్చుంది. నేను టీ తెప్పించాను.

దొంగసొత్తు కాదని తేలింది గాని సగమే తేలింది. ఎస్సైకి ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. అతను సరేనన్నాడు. కొనుక్కున్నదే అయినా లైసెన్సు లేకపోతే అక్రమ ఆయుధమే కదా సార్ అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. లైసెన్సు కాగితం ఉండేదని, సెదలు తినేసినాయని పైడమ్మ చెప్పింది. అయితే కలెక్టరేటులో పాత లైసెన్సుల రిజిస్టరు ఉండాలి. ఆయుధ లైసెన్సులు ఇచ్చేది జిల్లా కలెక్టరే, పోలీసులు కాదు.

మర్నాడు అనుమతి తీసుకుని రికార్డు గదికి వెళ్ళాను. అట్టలు ఊడిన పెద్ద రిజిస్టరు, ఇంగ్లీషులో చేతిరాత. ఇంటిపేరుతో కాకుండా మనిషి పేరు మొదటి అక్షరంతో వరస పెట్టారు. చల్లంనాయుడు కాబట్టి సి అక్షరం కింద వెతికాను. లేడు. అక్షరాలు తప్పు చదివానేమోనని మళ్ళీ వెతికాను. మిగతా పేజీలు తిప్పితే అప్పలనాయుళ్ళు, రామినాయుళ్ళు అందరూ ఉన్నారు. నాకు కావలసిన ఒక్కడూ లేడు. రికార్డు గది గుమస్తా గుంటూరు వైపు మనిషి. లేకపోతే లేడండీ, ఉంటే ఎక్కడికి పోతాడు అన్నాడు.

వరండాలో పైడమ్మ ఎదురుచూస్తోంది. ఏం చెప్పాలో తెలియక దగ్గరికి వెళ్ళి, అప్పా, పేరు దొరకలేదు అన్నాను. మా వైపు అక్కని అప్పా అని పిలుస్తాం. ఆఫీసులో అలా పిలవకూడదు గాని నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "సల్లంనాయుడంటే పొందూరు సంతలో ఎరగనోడు లేడు. కాయితంలో లేకుండా పోతాడేటి?"

సల్లంనాయుడు. నేను మళ్ళీ లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఎస్ అక్షరం తీశాను. అక్కడ రెండో పేజీలో ఉన్నాడాయన. సల్లంనాయుడు, మాజీ సిపాయి, వృత్తి లారీ డ్రైవరు. సైన్యం అమ్మకంలో కొన్న రివాల్వర్ ఒకటి. వర్తకుల సరుకు బండికి కాపలా నిమిత్తం లైసెన్సు. దాని నంబరు, నేను రివాల్వర్ మీద చూసి రాసుకుని జేబులో పెట్టుకున్న కాగితంతో అంకె అంకె సరిపోయింది. ఆయన పోవడానికి ముందు ఏడాది దాకా రెన్యువల్ ముద్రలున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. గుమస్తా దుమ్మనుకున్నాడు, నేను కాదనలేదు.

ఆ తర్వాతి పని తేలిక. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని స్టేషన్లో అప్పగించాలి. యాభై ఏళ్ళు ఆలస్యంగానైనా, ఉందని తెలిసిన మరుక్షణం పైడమ్మ చేసింది అదే. నా రాత రిపోర్టు, రిజిస్టరు నకలు చూసి ఎస్సై కేసు ఆలోచన మానేసి, వారసురాలి అప్పగింతగా రాసుకున్నాడు. తానే ఆవిడ ఇంటికి వెళ్ళి, నలుగురి ముందు ఆ మాట చెప్పి వచ్చాడు. విశాఖపట్నం నుంచి పాత ఆయుధాలు సేకరించే పెద్దమనిషి ఒకాయన వాసన పట్టి రెండుసార్లు ఫోను చేశాడు. అది జిల్లా ఆయుధాగారం సొత్తయిందని చెప్పాను.

పైడమ్మ ఒక్కటే అడిగింది. తండ్రి దాన్ని కొనుక్కున్నాడని ఒక కాయితం మీద రాసిమ్మంది. రిజిస్టరు నకలు కోసం దరఖాస్తు పెట్టిస్తూ, అందులో తండ్రి పేరు ఎలా రాయాలని అడిగాను. ఓటరు కార్డులో తండ్రి పేరు చల్లంనాయుడనే ఉంది.

"రిజిట్రీలో ఎలాగున్నాదో అలాగే రాయి బాబూ. మా అయ్యని అందరూ పిలిసింది అలాగే" అంది.

అలాగే రాశాను.

ఈ వ్యవహారం నాకు రెండు విషయాలు నేర్పింది. మొదటిది వృత్తికి సంబంధించింది. పూర్తిగా శుభ్రం చేయని ఆయుధం గురించి నోరు విప్పకూడదు. మిగిలిన సర్వీసులో దాన్ని పాటించాను. రెండోది నాకు సంబంధించింది. మా ఇంట్లో కూడా చ ని స అనే పలుకుతారు, చల్లంనాయుడైతే సల్లంనాయుడే. బళ్ళో మాస్టారు బెత్తంతో కొట్టి నా నోట్లోంచి ఆ స తీసేసి చ పెట్టాడు. అప్పటినుంచి స అంటే తప్పని, తప్పు ఎవరూ రిజిస్టరులో రాయరని నమ్మాను. ఆ రోజుల్లో రాసిన గుమస్తా ఎదుట నిలబడిన మనిషి చెప్పిన పేరుని చెప్పినట్టు రాశాడు. దాన్ని మనసులోనే దిద్దుకుని వెతికిన నేను, ఒక నిజాయితీపరుడి పేరుని ఆ పుస్తకంలో దాదాపు లేకుండా చేశాను.