రెండు గంటల దయ్యం

అక్క పోయిందన్న కబురు నాకు బోధన్ బస్సు కండక్టరు చెప్పాడు. నిజామాబాద్ బస్టాండులో ఏదో పనిమీద నిలబడి ఉంటే ఆయనే నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మీ లైనుల చివరింటి అక్క పోయిందమ్మా. మూడు దినాలు జరమొచ్చిందట. నిన్న పొద్దుగాల మట్టి చేసిండ్రు," అన్నాడు. నాకు చెప్పడానికి ఎవరికీ తీరలేదని మొదట కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత, బస్సులో కూర్చున్నాక వచ్చింది.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. నేను పెండ్లయి బోధన్ వచ్చినప్పుడు చక్కెర మిల్లు పనివాళ్లుండే ఇండ్ల వరసలో మా పక్కిల్లు ఆమెది. ఆ వరసనే అందరం లైను అనేవాళ్లం. మాది చివరి నుంచి రెండోది, అక్కవాళ్లది చివరిది, ఆ తర్వాత అంతా చెరుకు తోట. మా వెనక తలుపు తీస్తే చెరుకు ఆకు చేతికి గీరుకునేది. అక్క ఆదివారం చర్చిలో మొదటి బెంచీ మీద, శుక్రవారం సినిమా హాల్లో మొదటి వరసలో కూర్చునేది. రెండింటికీ ఒకటే చీర. పాస్టరుగారు ఒకసారి దీని సంగతి అడిగితే, "చర్చిల మంచి సూస్తనయ్యా, సిన్మల తప్పులు సూస్తన. రెండు తెల్వాలె గద," అన్నదట. ఈ మాట అక్కే చెప్పింది కాబట్టి పూర్తిగా నమ్మనక్కర్లేదు.

ఆ ఏడు మా ఊరికి ఒక దయ్యం సినిమా వచ్చింది. దాని అసలు పేరు బోధన్‌లో ఎవరూ పలకలేదు, దయ్యం సిన్మా అంటే చాలు. కథ చిన్నది. ఒక జమీందారు మొదటి భార్యను బావిలో తోసి రెండో పెండ్లి చేసుకుంటాడు. చనిపోయినామె దయ్యమై వస్తుంది, తన చంటిబిడ్డను చూసుకోవడానికి. ఇప్పుడు తలుచుకుంటే అంత చెత్త సినిమా నేను మళ్లీ చూడలేదు. అంత ఇష్టంగా కూడా మరేదీ చూడలేదు.

దాని తప్పులన్నీ అక్కకు కంఠతా వచ్చు. ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా కొంగుకు ఒక ముడి వేసేది. శ్మశానంలో ఎగిరే గబ్బిలానికి దారం కనపడుతుంది, ఒక ముడి. అస్థిపంజరం ఆడుతుంటే నడుము దగ్గర తీగ మెరుస్తుంది, ఇంకో ముడి. బావిలోంచి లేచిన దయ్యం జుట్టు తడిగా ఉంటుంది, చీర మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ముడి, దయ్యం ఎడమ చేతికి గడియారం ఉండటం. "బాయిల పడ్డంక గుడ టైము సూసుకుంటున్నది, పాపం," అనేది అక్క. సినిమా అయ్యేసరికి కొంగు ముడుల మూటయ్యేది. ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని, ఏ ముడి ఎందుకో చెప్పుకుంటూ విప్పేది. నాకు దయ్యాలంటే చచ్చేంత భయం. తప్పులు లెక్కపెట్టుకుంటూ చూస్తే భయం ఉండదని ఆమే నాకు నేర్పింది.

ఒక్క చోట మాత్రం ఆమె కొంగు వదిలేసేది. దయ్యం ఊయల దగ్గరికి వచ్చి బిడ్డను ఎత్తుకోదు. ఊయలను మెల్లగా ఊపి, రెండో భార్య వైపు తిరిగి, "పాలు తాగాడా?" అని అడుగుతుంది. అంతే. పాట లేదు, డప్పులు లేవు. ఆ నటి ఎవరో మాకు తెలియదు గాని ఆ ఒక్క మాట నిజంగా అడిగింది. "ఈ సిన్మ తీసినోనికి ఏం రాదు. ఈ ఒక్కటి ఎట్లొచ్చిందో," అని అక్క ప్రతిసారీ ఆశ్చర్యపోయేది.

ఆ సినిమా మీద మా లైనులో మొగుడూ పెండ్లాలకు ఒక పెద్ద తగాదా ఉండేది. ఇంటర్వెల్ తర్వాత దయ్యం నోరు తెరిచి అరుస్తుంది. ఆ అరుపుకు మేం ఆడవాళ్లందరం కండ్లు మూసుకునేవాళ్లం. సాయంత్రం ఆట చూసి వచ్చిన మా ఆయన మాత్రం, "అరుపేంది? అది మూగ దయ్యం. నోరు తెరుస్తది, ఊకుంటది," అన్నాడు. నేను వంట మానేసి వాదించాను. పక్కింట్లోనూ అదే గొడవ, ఆ పక్కింట్లోనూ అదే. సంగతేమిటంటే, శుక్రవారం పగటి ఆట ఆడవాళ్లకే. సరిగ్గా రెండు గంటలకు దయ్యం నోరు తెరిచేది, సరిగ్గా రెండు గంటలకే మిల్లు భోంగా మోగేది. షిఫ్టు మారేటప్పుడు మోగే ఆ సైరన్‌ను రోజుకు మూడుసార్లు వినే మేము, ఆ రేకుల హాల్లో కూర్చుని దాన్నే దయ్యం గొంతు అనుకున్నాం! రీలులో ఆ చోట అరుపు ఎప్పుడో అరిగిపోయింది. రెండు ఆటలూ చూసిన అక్కకు ఒక్కదానికే ఇది తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే దయ్యం సచ్చిపోతది అనుకుందట.

ఇక ఆ శుక్రవారం గురించి చెప్పాలి. నా బిడ్డకు అప్పుడు ఎనిమిది నెలలు. దాన్ని అక్క వాళ్ల అత్త దగ్గర పడుకోబెట్టి వచ్చాను. ఆమెకు కండ్లు సరిగా ఆనవు. అక్క కొడుకు, నాలుగేండ్ల వాడు, వాడూ అక్కడే. హాల్లో నూరు మందికి పైగా ఉన్నాం. సగం మంది మా లైనువాళ్లే. మగవాళ్లు తొంగిచూడకుండా ఆడవాళ్ల ఆటకు తలుపు బయటి నుంచి గొళ్లెం పెట్టేవాళ్లు. అది మా మర్యాద కోసమే, మేమే అడిగి పెట్టించుకున్నాం.

తెర మీద శ్మశానం వచ్చింది. అస్థిపంజరం ఆడుతోంది. అప్పుడు అరుపు వినబడింది. ఇంటర్వెల్ ఇంకా కాలేదు, తెర మీద దయ్యమే లేదు. వెనక ఎవరో, "ఇదేందే, దయ్యం లేకుంటనే కూసింది?" అన్నారు.

"అక్కా, గది భోంగా లెక్క ఉన్నది," అన్నాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. "కాదు. దయ్యమే. బాయి కాడ కూస్తున్నది. నువ్వు సిన్మ సూడు," అంది.

నమ్మాను. ఆమె మాట నమ్మకపోతే ఇంకెవరిది నమ్ముతాను? అక్క లేచి, వంగి, చీకట్లో తలుపు దాకా పోయింది. గొళ్లెం దగ్గర ఉండాల్సిన మనిషి లేడని, పొగ చూడటానికి పోయాడని నాకు తర్వాత తెలిసింది. భోంగా వేళకాని వేళ మోగిందంటే ఎక్కడో అగ్గి పుట్టిందని అర్థం. తలుపు సందులోంచి అక్కకు మా లైను దిక్కున నల్లటి పొగ కనపడింది. ఆమె తలుపు కొట్టలేదు. నేరుగా ఆపరేటరు గది కిటికీ కిందికి పోయి, "అన్నా, బొమ్మ ఆపకు. లైటెయ్యకు. చప్పుడు గాకుంట బయటి మెట్లు దిగిపోయి గొళ్లెం తియ్యి," అని చెప్పింది. రీలు అయిపోవడానికి నాలుగు నిమిషాలున్నాయని అతనన్నాడట. తెర తెల్లబడితే అందరూ లేస్తారు.

తర్వాత అక్క తెర ముందుకు వచ్చి నిలబడింది. ఆమె నీడ అస్థిపంజరం మీద పడింది. "ఓ చెల్లెలారా, గీ తీగ సూసిండ్రా? నడుముకు తీగ కట్టి ఆడిస్తున్నరు వీన్ని!" అని గట్టిగా అరిచింది. ఒకరిద్దరు నవ్వారు. "గబ్బిలానికి దారం సూడుండ్రి! మా అత్త గింతకంటె మంచిగ గాలిపటం ఎగిరేస్తది!" హాలంతా నవ్వింది. ఆ నవ్వులో భోంగా రెండోసారి మోగింది. నేను విన్నానో లేదో నాకే తెలియదు. అప్పుడే తెర మీదికి దయ్యం వచ్చింది. "గడియారం! గడియారం సూడుండ్రి! ఎంతైందే దయ్యమా?" అంది అక్క. ఆడవాళ్లు బెంచీలు చరుస్తూ నవ్వారు. నేనూ నవ్వాను. నా బిడ్డ పక్కన చెరుకు తోట తగలబడుతుంటే నేను కండ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

తలుపు తెరుచుకుని వెలుతురు పడింది. అక్క అప్పటికే అక్కడ ఉంది. తలుపు రెక్కకు వీపు ఆనించి, మొదటి బెంచీవాళ్లను పేరుపేరునా పిలిచింది. గడప దాటిన ప్రతి మనిషికీ నిజం చెప్పింది. నా వంతు వచ్చినప్పుడు, "తోటకు అగ్గి తాకింది, లైను దిక్కు. ఉరుకు," అంది.

ఉరికాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మంట మా వెనక తలుపుల దాకా వచ్చి, నీళ్ల బిందెలతో నిలబడ్డ మగవాళ్ల ముందు ఆగింది. కండ్లు ఆనని ఆ ముసలమ్మ వాసన పసిగట్టి, అందరికంటే ముందే ఇద్దరు పిల్లలనూ కాలువ గట్టుకు చేర్చింది. నా బిడ్డ మొహమంతా బూడిద పూసుకుని చెరుకు ముక్క చీకుతోంది.

నాది పాడు కోపం. మూడు నెలలు అక్కతో మాట్లాడలేదు. కన్నతల్లిని కూర్చోబెట్టి నవ్వించిందని లైనంతా చెప్పుకుని ఏడ్చాను. చివరికి ఒకరోజు బావి దగ్గర నిలదీశాను. అక్క బిందె దించి, "చెప్తే నువ్వు ఉరుకుతుంటివి. నువ్వు ఉరికితే అందరు ఉరుకుతుండిరి. తలుపుకేమో గొళ్లెం," అంది. రెండు గంటల దయ్యం గుట్టు కూడా ఆ రోజే చెప్పింది. మళ్లీ కలిసిపోయాం. అయినా మనసులో ఒక మూల ఆ అబద్ధం గుచ్చుకుంటూనే ఉండేది. తర్వాత మేం నిజామాబాద్ వచ్చేశాం.

మొన్న బోధన్‌లో సమాధి దగ్గర ఒక కుర్రవాడు నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. లేత మీసాలు, అక్క మొహమే. నీళ్లు తాగుతూ వాడిని చూస్తుంటే, ఇన్నేండ్లు నా కోపంలో నాకు ఒక్కసారి కూడా తట్టనిది తట్టింది. వాడూ ఆ రోజు నా బిడ్డ పక్కనే ఉన్నాడు.

ఆ శుక్రవారం రోడ్డెక్కి నేను ఒకే ఒక్కసారి వెనక్కి చూశాను. అందరూ లైను దిక్కు ఉరుకుతున్నారు. అక్క ఒక్కతే అటు వీపు పెట్టి, తలుపుకు అడ్డంగా చెయ్యి చాపి, లోపల మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే దాటిస్తోంది. "మెల్లగ, చెల్లె. గడప ఉన్నది, సూస్కో," అంటోంది.