వంటగది మీదుగా పోయిన గీత

అబూ లాఫీ ముప్పై ఒక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూశాడు. దక్షిణ గాజాలోని ఖాన్ యూనిస్‌లో మా పేటవాళ్లు తమ ఇల్లెక్కడో చెప్పాలంటే బర్బఖ్ వాళ్ల వడ్రంగి కొట్టు దాటాక గులాబి రంగు మేడ అంటారు. ఆయన మాత్రం మీటరు మూత మీద పుదీనా కుండీ పెట్టుకున్నవాళ్లిల్లు అనేవాడు. మీటరు తిరిగిన తీరు చూసి ఇంటి సంగతులు పట్టేసేవాడు. "పోయిన నెలకి మూడింతలు వాడారే, చుట్టాలొచ్చారా, పంపు కారుతోందా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, "రెండూను, టీ తాగి వెళ్లన్నా" అని లోపలినుంచి జవాబు వచ్చేది.

ఆయన అక్క సబ్రియా. ఆయనకంటే పదకొండేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్లు. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. ఎవరైనా పెళ్లి మాట తెస్తే "వీడు పదో తరగతి గట్టెక్కనీ" అనేది. వాడు గట్టెక్కాడు, ఉద్యోగం చేశాడు, పెళ్లాడాడు, ముగ్గురు ఆడపిల్లల్ని, లాఫీ అనే ఒక్క కొడుకునీ కన్నాడు, ఆ కొడుకు పేరుతోనే అబూ లాఫీ, అంటే లాఫీ నాన్న, అయ్యాడు. ఆడపిల్లలు రఫాలో అత్తవారిళ్లలో ఉన్నారు. లాఫీ ఎడారి దేశాల్లో ఎక్కడో డ్రైవరు. సబ్రియా పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డెబ్భై ఆరేళ్లు వచ్చినా ఆవిడే ఆ ఇంటి పెద్ద. అబూ లాఫీ చొక్కా కొనుక్కున్నా ముందు ఆవిడకి చూపించేవాడు.

యుద్ధం మొదలైన రెండో నెలలో, మేడ మీద ట్యాంకులో నీళ్లెన్ని మిగిలాయో చూద్దామని ఎక్కి, దిగుతూ మెట్ల మీద పడింది ఆవిడ. తుంటి విరిగింది. ఆసుపత్రిలో కడ్డీ వేశారు. ఆ డాక్టరు ఎన్ని రోజులుగా నిద్రపోలేదో, గోడకి ఆనుకుని కళ్లు మూసుకునే చెప్పాడు. "ఆరు వారాలు కదిలించకండి. గతుకుల దారిలో బండెక్కించారా, ఆపైన నేనేమీ చెయ్యలేను."

రెండున్నర వారాలు గడిచాయి. అప్పుడు పడ్డాయి ఆకాశంలోంచి కాగితాలు.

కాగితం మీద గాజా అంతా గళ్లుగళ్లుగా ఉంది, గడికో అంకె. యాభై మూడో గడివాళ్లు వెంటనే ఖాళీ చేసి పడమటికి, సముద్రం వైపు ఇసుకనేలకి పోవాలి. యాభై రెండు పేరు ఆ జాబితాలో లేదు. పెద్ద పటం కావాలంటే మూలనున్న నల్లచుక్కల క్యూఆర్ కోడ్‌కి ఫోను చూపించమని రాశారు. కరెంటు పోయి నెలన్నర అయింది. ఫోనుకి సిగ్నల్ ఇంటి కప్పు ఎక్కితే ఒక మూల దొరుకుతుంది, ఒక్కోరోజు అదీ లేదు. పక్కింటి మంగలి నాఫెజ్ పొద్దున్నుంచీ కప్పు మీద నిలబడి ఫోను గాలిలో తిప్పి, చివరికి ఎలాగో పటం పట్టుకొచ్చాడు. ముగ్గురం అబూ లాఫీ ఇంటికి నడిచాం. ఈ పేటలో సందుల సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"బాబాయ్, నువ్వే చెప్పాలి," అంది ఇతాఫ్. పెద్దమ్మాయిల బడిలో పౌరశాస్త్రం చెప్పే టీచరమ్మ, ఎదురింటావిడ. "మనం యాభై రెండా, యాభై మూడా?"

అబూ లాఫీ తన భార్య కళ్లజోడు పెట్టుకుని ఫోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇదేం పటం? వడ్రంగి కొట్టు లేదు, మసీదు ఆకుపచ్చ తలుపు లేదు. ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"పైనుంచి తీసింది కదన్నా," అన్నాడు నాఫెజ్. "పైనుంచి చూస్తే మన నెత్తులే కనిపిస్తాయి. నీ బట్టతల చూసి నీళ్ల ట్యాంకు అనుకునుంటారు."

"నా తలమీద వెంట్రుక మిగల్చనిది ఎవడ్రా? పాతికేళ్లు నీ కత్తెరకిందే కూర్చున్నా."

నవ్వుతూనే వేలితో గీత వెంబడి వెళ్లాడు. మసీదు దగ్గర మొదలై బడి గోడదాకా తిన్నగా పోయింది గీత. మధ్యలో ఆయన వేలు ఆగిపోయింది.

"ఇక్కడ సందే లేదే," అన్నాడు.

వంటగదిలోంచి ఆయన భార్య రిహాబ్ వినిపించేలా అంది. "లేకేం, ఉండేది. మీరే మింగారు."

ఆ మాట నిజం. మా పేటలో పిల్లలు పెరిగేకొద్దీ ఇల్లు బయటికి జరుగుతుంది. ఇవాళ అరుగు, వచ్చే ఏడు గోడ, ఆపై ఏడు కప్పు. దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు, ఇల్లు ఊపిరి తీసుకుంది అంటారు. ఆ రెండిళ్ల మధ్య ఒకప్పుడు ఆరు మీటర్ల సందుండేది. ఇరవై రెండేళ్ల కింద అబూ లాఫీ అందులో మూడు మీటర్లు తీసుకుని వంటగది కట్టాడు. మీటర్ల మనిషే కట్టాక అభ్యంతరం చెప్పేదెవరు? మరుసటి ఏడు అటునుంచి నాఫెజ్ తండ్రి మిగిలిన మూడు మీటర్లలో సామాన్ల గది వేశాడు. గోడకి గోడ ఆనింది, సందు పోయింది. తర్వాత వరసంతా వాళ్లని చూసి అదే చేసింది. పటంలో మాత్రం సందు చెక్కుచెదరకుండా ఉంది, దాని మీదనుంచే గీత.

"అయితే వంటగది యాభై మూడు," అన్నాడు అబూ లాఫీ మెల్లగా. "ఇల్లు యాభై రెండు."

"నేను సామాన్ల గదితో సహా యాభై మూడు," అన్నాడు నాఫెజ్. "మీ వంట తినేవాళ్లు ఉండొచ్చు, వండేవాళ్లు మాత్రం పోవాలి వదినా."

ఇతాఫ్ నవ్వలేదు. పటం కింద మూలనున్న కొలత చూసి కాగితం మీద లెక్క వేస్తోంది. "బాబాయ్, ఈ గీత మందమే నేల మీద పాతిక అడుగులుంటుంది."

"అంటే?"

"అంటే గీత సందులో పట్టదు. అటో రెండున్నర అడుగులు, ఇటో రెండున్నర అడుగులు ఇళ్లలోకి వస్తుంది."

అబూ లాఫీ లేచి పాత కొలతల టేపు తెచ్చాడు. వంటగది గోడని ఆనుకునే సబ్రియా మంచం. టేపు పరిచి చూస్తే ఆవిడ తల గీతలో ఉంది, కాళ్లు బయటున్నాయి.

"ఏంట్రా గుసగుసలు?" అంది ఆవిడ పడుకునే. "విరిగింది తుంటి, చెవులు కాదు."

చెప్పాడు.

"అయితే విరిగిన కాలు ఉండిపోవచ్చు, మిగతా నేను వెళ్లాలి. బాగుంది. గీతలో ఉన్నవాళ్లు వెళ్లాలని రాశారా, ఉండాలని రాశారా?"

"ఏమీ రాయలేదత్తా," అంది ఇతాఫ్.

మంచం అవతలి గోడకి జరుపుదామన్నారు. నలుగురం నాలుగు కోళ్లూ పట్టుకుని బెత్తెడు బెత్తెడు జరిపాం. ఆ నాలుగు అడుగులకే ఆవిడ ముఖం సున్నంలా పాలిపోయింది. గంటసేపు కళ్లు తెరవలేదు. అబూ లాఫీ తలుపు దగ్గర నిలబడిపోయాడు. నాలుగు అడుగులకే ఇలా అయితే, సముద్రందాకా?

ఆ మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. ఒక మగగొంతు, మంచి అరబ్బీలో, సలాం చెప్పింది. మావాళ్లకి సలాం వినిపిస్తే బదులివ్వకుండా ఉండడం చేతకాదు. ఆయన మర్యాదగా నిలబడి బదులిచ్చాడు, ఇంట్లో అంతా క్షేమమా అని కూడా అడిగాడు. ఆ గొంతు ఆగకుండా ఖాళీ చేయాల్సిన గడుల అంకెలు చదువుకుంటూ పోయింది.

"ఒక్క నిమిషం బాబూ, వింటున్నావా? మా అక్కకి తుంటి విరిగింది. వంటగది అటుంది, మంచం ఇటు జరిపాం. ఇప్పుడు మేం ఎటు?"

"రికార్డింగండీ అది," అంది రిహాబ్.

"తెలుసు," అన్నాడు, ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని. "అయినా ఎవడో ఒకడు కూర్చుని చదివాడుగా."

అంబులెన్సు నెంబరుకి ముప్పై సార్లు చేశాం, కలవలేదు. ఇతాఫ్ ఆయనకి ధైర్యం చెప్పాలని కూర్చుంది. "చూడు బాబాయ్, మా తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది. వెళ్లమన్నా వెళ్లలేనివాళ్లు మామూలు జనమే. ముసలివాళ్లు, రోగులు ఎక్కడున్నా వాళ్లమీద దాడి చెయ్యకూడదు. హెచ్చరించాం కదా అంటే చెల్లదు. అన్ని దేశాలూ ఒప్పుకున్న చట్టమది."

"ఈ గీత గీసినవాడు అది చదివాడా?"

"చదివే ఉంటాడు."

"చదివి గీశాడా, గీశాక చదివాడా?"

"పిల్లలకి చెప్పేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు," అంది ఇతాఫ్ నాతో, బయటికి వచ్చాక.

మరునాడు పొద్దున్నే గునపం దెబ్బలు వినిపించాయి. వెళ్లి చూస్తే అబూ లాఫీ బనియన్‌తో నిలబడి తన వంటగది గోడ తానే పగలగొడుతున్నాడు. రిహాబ్ కప్పులు, గిన్నెలు, మిగిలిన గుప్పెడు పప్పూ ముందుగదిలోకి చేరవేసుకుని, నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మతి పోయిందేమో అడగండి," అంది నాతో.

"సందు పైవాళ్లకి కనిపించాలి," అన్నాడాయన. "వాళ్ల పటంలో ఉన్నది నేల మీద ఉంటే, ఇల్లు ఎటుందో స్పష్టంగా తెలుస్తుంది. తప్పు వాళ్లది కాదేమో. సందు మింగింది నేను."

"ఇలా చేస్తే వాళ్లు గుర్తిస్తారని ఎక్కడైనా రాసుందా బాబాయ్?" అంది ఇతాఫ్.

"నువ్వు చెప్పిందీ ఎక్కడో రాసుందిగా. నీ రాతని నేను నమ్మాలి, నా సందుని నువ్వు నమ్మవు."

నాఫెజ్ అప్పటికే గాడిదబండికి పరుపులు కట్టేస్తున్నాడు. వచ్చి చూసి, "నేను దేశం పట్టి పోతుంటే నా సామాన్ల గది కూడా కూల్చమంటావు, అంతేగా?" అన్నాడు.

"ఆ గది లేకపోతే సందు పూర్తవుతుంది."

"పూర్తిగా పిచ్చోడివైపోయావన్నా." అని చొక్కా విప్పి సమ్మెట అందుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు గదులూ నేలమట్టం. ఇటుకలు మేమే మోశాం. వరసలో మిగతావాళ్లనీ కూల్చమని అడిగితే, రేపు మళ్లీ ఎవరు కట్టిస్తారని తలుపులు వేసుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. మొత్తానికి ఆ వరస మధ్యలో ఆరు మీటర్ల వెడల్పున ఖాళీ ఏర్పడింది. పైనుంచి చూసేవాడికి అది సందులా కనిపించిందో, బాంబు పడ్డ చోటులా కనిపించిందో నాకు ఈనాటికీ తెలియదు. అబూ లాఫీ మాత్రం మధ్యలో నిలబడి ఆకాశంలోకి చూశాడు, ఎవరైనా గమనించారేమోనన్నట్టు. డ్రోన్ ఎప్పట్లాగే దోమలా మూలుగుతోంది. నాఫెజ్ ఆయన్ని కావలించుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

మూడోనాటికి ఇంకో ప్రకటన వచ్చింది. ఇతాఫ్ ఫోనులో యాభై రెండు కూడా ఖాళీ చేయాలని ఉంది, సాయంత్రం నాలుగింటిలోపు. మసీదు దగ్గర దొరికిన కాగితంలో యాభై రెండు మాటే లేదు. ఇంకెవరో విన్న రేడియోలో అన్నీ ఖాళీ చేయాలన్నారు. ఏది ముందుదో, ఏది తర్వాతదో కూడా తెలియలేదు. పదకొండున్నరకి నేల అదిరింది. రెండు వీధుల అవతల ఒక మేడ పోయింది. పొగలోంచి వచ్చినవాళ్లని అబూ లాఫీ అడిగిన మొదటి మాట, "ఏ గడి?"

"యాభై రెండే," అన్నారు.

ఆయన లోపలికి వెళ్లి అక్క మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "వెళ్దామా అక్కా? ఉందామా?"

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నా."

"నాకు తెలీట్లేదురా," అంది సబ్రియా. అరవై ఏళ్లలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. "ఈసారికి నువ్వే చెప్పు. తప్పు చెప్పినా ఏమీ అనను."

"వెళ్దాం," అన్నాడు ఆయన, తనకే వినిపించనంత మెల్లగా.

కూల్చిన వంటగది తలుపు మీద దుప్పట్లు పరిచి ఆవిడని పడుకోబెట్టాం. మొహం తెలియని ఒక బండివాడు ఆగి, పరుపు మీదనుంచి తన సామాన్లు దించి చోటిచ్చాడు. రెండు గంటల దారి వానలో అయిదు గంటలు పట్టింది. ప్రతి గుంటకీ ఆవిడ తలకి కట్టుకున్న గుడ్డ పంటితో కరిచిపట్టుకుంది. అబూ లాఫీ బండి పక్కన నడుస్తూ, ముందున్న గుంటలన్నీ పేరుపేరునా చెబుతూ వచ్చాడు. "ఇప్పుడో చిన్నది అక్కా. ఇప్పుడు పెద్దది, పట్టుకో."

ఇది జరిగి రెండు నెలలు. ఇసుకలో వాళ్ల గుడారం మా గుడారానికి నాలుగో వరసలో ఉంది. ఇల్లు నిలిచే ఉందని ఒకడొచ్చి చెప్పాడు, వరసంతా పోయిందని ఇంకొకడు. నిలిచే ఉంటే వచ్చి తప్పు చేశాననుకుంటాడు అబూ లాఫీ, పోయి ఉంటే ఒప్పనుకుంటాడు. రోజుకి రెండుమూడుసార్లు అటూ ఇటూ మారతాడు. శిబిరంలో వైద్యం చేసే కుర్రడాక్టరు దగ్గర ఎక్స్‌రే లేదు. చేత్తో తడిమి, కడ్డీ పక్కకి జరిగినట్టుందన్నాడు.

"బండిలో జరిగిందా?" అనడిగాడు అబూ లాఫీ.

"అయ్యుండొచ్చు. మంచం జరిపినప్పుడే జరిగిందేమో. మొదట్లోనే సరిగా కుదురుకోలేదేమో. ఎలా చెప్పను మావా?"

నిన్న నేను వెళ్లేసరికి సబ్రియా గుడారం గుంజ పట్టుకుని నిలబడి ఉంది, మొదటిసారి. ఎడమకాలు నేలకి ఆనలేదు, రెండు వేళ్ల ఎత్తులోనే ఆగింది. రిహాబ్ ఒకవైపు పట్టుకుంది. అబూ లాఫీ ఇంకోవైపు చేతులు చాచి ఉన్నాడు, పట్టుకోవాలో వదలాలో తెలియక.

"పట్టుకోనా అక్కా?"

"ఉండు," అంది ఆవిడ. కొంచెం ఊగింది. "ఉండు, చూస్తున్నా."