రంగు దిగిన ముహూర్తం చీర

మా చింతాద్రిపేట ఇంట్లో ఎదురు వాటాలో ఉండే అక్క పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూసింది. పెళ్ళయ్యాక పెట్టెల్లో పడి ఉండే పెళ్ళి చీరలు అందరినీ అడిగి తెచ్చి, ఏటా ఒకసారి తన హాల్లో తాళ్ళమీద వేసి అమ్మేది. ఆ డబ్బు వ్యాసర్పాడిలో, ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇంటికి పోయేది. ఇది చదివే మీలో చాలామంది చీరలు ఆ తాళ్ళమీద వేలాడినవే. నాది ఊరిబడి చదువు, రాయడం అలవాటు లేదు. అయినా ఇది చెప్పాలి.

కొన్నేళ్ళ కింద నా భార్య పోయేముందు తన ముహూర్తం చీర, పెళ్ళిపీటల మీద కట్టిన పట్టుచీర, అక్కకు ఇవ్వమంది. కట్టిన బట్ట ఉతక్కుండా ఒకరి చేతికివ్వడం మా ఊళ్ళో మర్యాద కాదు. అందుకని వేన్నీళ్ళలో సబ్బు వేసి నానబెట్టాను. ఎర్ర అంచు రంగు మీగడరంగు చీరంతా పాకింది.

అక్క కంటపడకుండా కొన్నాళ్ళు తిరిగాను. చివరికి తనే వచ్చి అడిగింది. ఉతికానని చెప్పాను. చీర విప్పి చూసి తీసుకుపోయింది. ఏ మూలో పెడుతుందనుకుంటే, అమ్మకం రోజున వాకిలికి ఎదురుగానే వేసింది.

షోళింగనల్లూరు ఆఫీసులో పనిచేసే అమ్మాయి, తనకు కాబోయేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఈ మరకలేమిటని అడిగింది. నేను కుర్చీలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఇదో, ఈయనే ఉతికినాడు పాపా," అంది అక్క. "పెండ్లాం చీర ఈయన ఉతకడం అదే మొదటిసారి. అది చూడకుండానే పోయింది పాపం."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. మంచం పట్టాక కూడా నా భార్య గోడ పట్టుకుని పోయి నా చొక్కాలు నానబెట్టేది. నేను పక్కనే పేపరు చదివేవాణ్ణి.

ఆ అమ్మాయి కాబోయేవాడి వైపు తిరిగి, "నువ్వు ఇప్పుడే నేర్చుకో" అని, ఆ చీరే తీసుకుంది. చీర ఇవ్వమన్న నా భార్య మాట అలా నెగ్గింది. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం అక్క పిలిచింది. "సిగ్గు పడింది చాల్లే తమ్ముడా. రేపు మేడమీదికి రా. పట్టు ఎట్ల ఉతకాలో చూపిస్తా."

అప్పట్నుంచి ఏటా వెళ్ళాను. చన్నీళ్ళు, కుంకుడు రసం, నీడన ఆరేయడం. నేను పిండబోతే చాలు, పిండొద్దు, నొక్కమని వెనకనుంచి అక్క గొంతు వినబడేది. ఎవరి ఇల్లాలి చీర ముట్టినా నా చేతులకు సిగ్గేసేది. అది అక్కకు తెలుసనుకుంటాను. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

శుక్రవారం అందరూ కింద ఆమె చుట్టూ ఉండగా చినుకులు మొదలయ్యాయి. ఈ ఏటి అమ్మకానికని ముందురోజు మేమిద్దరం ఆరేసిన చీరలు మేడమీదే ఉన్నాయి. వెళ్ళి ఒక్కొక్కటే దించుకున్నాను. చేతుల నిండా ఎవరెవరివో పెళ్ళి చీరలు. ఎక్కడ పెట్టమంటావని అడగడానికి, అలవాటుగా ఆమె గడప దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయాను.