గోడ అవతల నుంచి రోజుకో ముక్క

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి. పల్లెటూరి బడిలో ఐదో క్లాసు దాకా చదివినవాణ్ణి, చదివే పెద్దలు మన్నించాలి. ఒడిశాలో ఉన్న మా తెరుబలిలో మా పక్కింటి టీచరమ్మ కిందటి నెల రాయగడ ఆసుపత్రిలో పోయారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

ఆవిడ రిటైరయ్యాక మా పక్క ఇంట్లో దిగారు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, కోళ్లకు నూకలు వేయడానికి గోడ దగ్గరికి వచ్చేవారు. నేను అప్పటికి వేపపుల్ల నములుతూ ఉండేవాణ్ణి. రోజూ ఏదో ఒక ముక్క చెప్పేవారు. ఒకరోజు ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఒకరోజు పాతకాలపు సంగతి, ఒకరోజు జంతువుల గురించో చుక్కల గురించో. నాకు బాగుండేది. తలూపి లోపలికి వచ్చేసేవాణ్ణి.

కొన్నాళ్లకు ఆవిడ ఒక షరతు పెట్టారు.

"నిన్నటిది ఎవరికి సెప్పేరు అన్నయ్యా?"

"ఎవరికీ సెప్పలేదండి."

"అయితే ఈవేళ లేదు. ఉన్న కూర అవకుండా నేను కొత్తది వండను."

మర్నాడు, "మా మేకకి సెప్పేనండి" అన్నాను.

"మేక ఏటందీ?"

"తలూపింది."

"మీలాగే అన్నమాట! నోరు విప్పేవాళ్లకి సెప్పండి" అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయారు.

నోరు విప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరు? నా భార్య పోయింది. అబ్బాయికి ఫ్యాక్టరీలో షిఫ్టు. మిగిలింది కోడలు. లక్ష్మీపూర్ వైపు ఒడియా పిల్ల. పెళ్లయి ఏడాది దాటినా మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు. నాకు సిగ్గు, ఆ పిల్లకు భయం. భోజనానికి వస్తే నేను దగ్గేవాణ్ణి. ఆమె కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఆ దగ్గే మా మాట.

ఆ రోజు దగ్గలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పేశాను. "అమ్మీ, మిరపకాయ మన దేశంది కాదట. పోర్చుగీసోళ్లు ఓడల్లో తెచ్చేరట. అంతకుముందు కారానికి మిరియాలేనట."

కోడలు గరిటెతోనే ఇటు తిరిగింది. తర్వాత మెల్లగా, వాళ్ల భాషలో నాన్నా అని పిలుస్తూ, "మావాళ్లు దాన్ని లంకా అంటారు బాపా. నేను హనుమంతుడు తెచ్చేడనుకున్నాను" అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్లా నవ్వింది. భార్య పోయాక ఆ ఇంట్లో నేను పైకి నవ్వడం అదే మొదలు.

మర్నాడు గోడ దగ్గర ఆ సంగతి చెబితే టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఈవేళ మీరు నాకు సెప్పేరు. మీ కోడలిని ఇంకోటి అడిగి రండి." బొప్పాయిని వాళ్లు అమృతభండా అంటారని కోడలు చెప్పింది. అమృతం పోసిన కుండ అట. టీచరమ్మ చర్చిలో కనబడినవాళ్లందరికీ అదే చెప్పారు.

అప్పటి నుంచి మా ఇంట్లో మాటకు లోటు లేదు. కోడలి పుట్టిల్లున్న ఈ కోరాపుట్ కొండల్లోనే ఏనాడో జనం వరి పండించడం నేర్చుకున్నారని పండితులు అంటారట. అది చెప్పిన పూట కోడలు నా కంచంలో అన్నం గుట్టలా పోసి, "మా పుట్టింటి బియ్యం, తినండి" అని దబాయించింది. తెలియనిది అడిగితే టీచరమ్మ తెలియదనే చెప్పేవారు. "సగం తెలిస్తే సగమే సెప్పాలి అన్నయ్యా. మిగతాది కల్పించకూడదు" అనేవారు.

ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే ఆయాసపడుతూ నవ్వారు.

"పీతకి పళ్లు ఎక్కడుంటాయి అన్నయ్యా?"

"నోట్లో కదండీ."

"కాదు, పొట్టలో. తిన్నది అక్కడే నూరుకుంటాది."

నర్సు మాట్లాడొద్దంది. టీచరమ్మ కళ్లు మూసుకుని, "ఎవరికి సెప్తారో నాకు తెల్సులెండి" అన్నారు. మర్నాడు పొద్దున్న కబురు వచ్చింది.

సమాధి దగ్గర నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. చేతులు జోడించాను. కూర్చున్నాను.

"టీచరమ్మ ఆస్పత్రిలో ఏటన్నారు బాపా?" అని కోడలు చాలాసార్లు అడిగింది. ఏమీ అనలేదన్నాను. చెప్పేస్తే ఇక నా దగ్గర ఏమీ ఉండదు. దాన్ని అలాగే దాచుకున్నాను. ఇల్లు మళ్లీ పాత ఇల్లయింది. ఒకరోజు అన్నం దగ్గర నాకు తెలియకుండానే దగ్గాను. ఆ పిల్ల కంచం పెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

అది చూడలేకపోయాను. నిన్న పిలిచి పీత సంగతి చెప్పేశాను. "పొట్టలో పళ్లా!" అని ఫక్కున నవ్వింది. వెంటనే, "ఇది ఆవిడ సెప్పిందే కదా బాపా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. కల్పించి చెప్పడం నాకు చేతకాదు, ఆవిడ ఒప్పుకోరు కూడా. ఆవిడ మీకు చెప్పినవాటిలో ఒక్కటి గుర్తుంటే రాయండి. చిన్నదైనా చాలు. ఆలస్యం చేయకండి. ఈవేళ పొద్దున్న కోడలు టీ గ్లాసు నా ముందు పెట్టి వెళ్లిపోలేదు. ఎప్పుడో ఆరిపోయిన చేతుల్ని కొంగుతో తుడుచుకుంటూ, చాలాసేపు గుమ్మంలోనే నిలబడి ఉంది.