నీలం రంగు పూసిన టేకు కుర్చీ

మొన్న ఖమ్మంలో పాత సామాన్ల షాపు ముందు ఒకాయన ఉప్పుకాగితంతో కుర్చీ రుద్దుతున్నాడు. ఆ టేకు పొట్టు వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి.

భద్రాచలం అడవి అంచున పెరిగిన దోస్తులారా, మీ ఇళ్లలోనూ టేకు కుర్చీకి రంగు పూశారా? పర్మిట్ లేని టేకు కనిపిస్తే ఫారెస్టోళ్లు పట్టుకుపోతారని, తుమ్మకర్ర అని నమ్మించడానికి మా ఊళ్లో అందరూ తలుపులకేసే నీలం రంగే పూసేవాళ్లు.

నా చిన్నప్పుడు ఓసారి, నాన్న పూసిన రంగు ఇంకా ఆరనే లేదు, ఫారెస్టు గార్డు సారు ఖాకీ బట్టల్లో వాకిట్లోకి వచ్చాడు. నాయనమ్మ కుర్చీకి అడ్డంగా నిలబడింది.

"అండ్ల కూసోకుండ్రి సారూ, నల్లులున్నయ్."

"మా ఇంట్ల లేవా అవ్వా," అంటూ ఆయన కూర్చుని కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు.

ఆయన చాయ్ తాగినంతసేపూ నాన్న లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు. సారు లేచేసరికి అరచేతులు రెండూ నీలం. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"తుమ్మకర్రేనా?"

"అవ్ సారూ," అన్నాడు నాన్న.

"మా ఇంట్లదీ తుమ్మనే. గిదే రంగు."

షాపు ముందున్న ఆ కుర్చీని తిరగేసి చూశాను. అది మాది కాదు. అయినా కాలి అతుకు సందులో గోరంత నీలం మిగిలి ఉంది. షాపాయన ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం రోడ్డు మీద ఖాకీ బట్టలు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని చూస్తున్నాను.